వుస్తా: ఒమను దేశపు నడిమి ఎడారిసీమ

గడచిన ఆషాఢమాసములో ఒకనాటి ఉదయమున బోధను ప్రాంతపు పల్లెనుండి ఒక తల్లి మా కేంద్రమునకు వచ్చినది. చెరకుతోటలలో కూలిపని చేసి బ్రతుకు మనిషి. కొంగుముడి విప్పి, మడతలు నలిగిన కాగిత మొకటి మా బల్లపై పెట్టినది. "మా పిలగాడు మస్కట్ల ఉన్నడనుకున్నం సారూ. ఇప్పుడు అల్జీరియ పట్కపోయిన్రని అంటున్నరు. అది యాడుంటది? పదిరోజులాయె, ఫోను లేదు" అని అడిగినది.

అల్జీరియా ఆఫ్రికా ఖండమున ఉన్నది. ఒమను దేశములో పనికి కుదిరిన కుర్రవాడు అక్కడి కెట్లు చేరునో మాకును బోధపడలేదు. కాగితము విప్పి చూచితిమి. పనిచేయు స్థలమను చోట అరబ్బీ లిపిలో 'అల్ జాజిర్' అని ఉన్నది. కుర్రవాడు కడపటిసారి ఫోనులో ఆ పేరే చెప్పెనట. ఊరిలో చదువుకొన్నవా రెవరో దానిని అల్జీరియా యని అర్థము చేసికొన్నారు. భూగోళపటము తీసి వెదకగా ఆ పేరు ఒమను దేశములోనే, రాజధానియైన మస్కటునకు చాల దూరముగా, దక్షిణదిశను సముద్రతీరమున కనబడినది. అది 'అల్ వుస్తా' అను ఎడారి మండలములోని ఒక తాలూకా.

ఆమె వెళ్లిన పిమ్మట శ్రోతల ఉత్తరముల కట్టలు తిరుగవేసితిమి. గల్ఫు దేశములలో మనవారున్న ఇండ్లనుండి పాటలు కోరుచు వచ్చు ఉత్తరములలో కుమారుని చిరునామా 'మస్కటు' అనియో, 'దుబాయి' అనియో మాత్రమే కనబడును. మన పల్లెలలో దుబాయి యన్న గల్ఫు అంతయు దుబాయియే. మస్కటన్న ఒమను అంతయు మస్కటే. నిజామాబాదులో నివసించువానిని ఢిల్లీవాడనుట ఎట్టిదో ఇదియు అట్టిదే. సుఖముగా ఉన్నంతకాలము ఈ పొరపాటువలన నష్టము లేదు. ఆపద వచ్చిన దినమున మాత్రము ఏ కచ్చేరీని అడుగవలయునో, ఏ ఆసుపత్రికి ఫోను చేయవలయునో తెలియక ఇంటిల్లపాది తల్లడిల్లుదురు. అందువలన ఈ వ్యాసములో వుస్తా మండలపు భూమిని గూర్చియు, అచ్చటి పరిపాలనను గూర్చియు చెప్పదలచితిమి.

మంజీరపై 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరము మన మెట్టభూములకు కాలువనీ రిచ్చినది. ఆ నీటివలన చెరకు వచ్చినది; చెరకువలన 1937లో బోధను శక్కరనగరమున చక్కెర కర్మాగారము వెలసినది. ఒకప్పుడు ఆసియాఖండములోనే పెద్దదిగా పేరొందిన ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. మనవారి వలసకు ఇదియే కారణమని కొందరు చెప్పుదురు గాని అది పూర్తిగా సరికాదు. చిమినీ పొగ నిండుగా వచ్చుచుండిన 1970-80 దశకములనుండియే మన జిల్లా యువకులు గల్ఫు దారి పట్టిరి. నీరుండియు కమతములు చిన్నవి, అప్పులు పెద్దవి. కాలువగట్టున పుట్టినవాడు వాన యెరుగని సీమకు పోయి కూలి సంపాదించుట మన జిల్లాలో మూడు తరములుగా జరుగుచున్నది.

ఇక ఆ సీమను చూతము.

'వుస్తా' యన్న అరబ్బీ మాటకు 'నడిమిది' యని అర్థము. ఒమను దేశము మొత్తము వైశాల్యము 3,09,500 చదరపు కిలోమీటర్లు. ఉత్తరమున పర్వతములు, తోటలు, పట్టణములు. దక్షిణమున సాంబ్రాణి చెట్లకు ప్రసిద్ధికెక్కిన ధోఫారు. ఈ రెంటికి నడుమ వ్యాపించిన బయలు వుస్తా. దాని వైశాల్యము దాదాపు 79,700 చదరపు కిలోమీటర్లు. 2016కు పూర్వము, కామారెడ్డి విడిపోకముందు, మన నిజామాబాదు జిల్లా 7,956 చదరపు కిలోమీటర్లు ఉండెడిది. అనగా అటువంటి జిల్లాలు పదింటిని ప్రక్కప్రక్కన పరచిన వుస్తా అగును. మన పాత జిల్లాలో 2011 లెక్కలనాటికి పాతికలక్షలకు పైగా జనము. ఆ పదింతల నేలపై 2020 లెక్కలలో తేలినవారు సుమారు 52 వేలమంది. ఒక్క బోధను పట్టణములోనే అంతకంటె ఎక్కువమంది ఉన్నారు. దేశపు నేలలో నాలుగవవంతు, దేశపు జనములో నూటికొక్కరు!

మన దేశమున ఎడారియనగానే జైసల్మేరు జ్ఞప్తికి వచ్చును. అక్కడ 2011లో చదరపు కిలోమీటరుకు 17 మంది ఉన్నారు. వుస్తాలో ఒక్కరును పూర్తిగా లేరు. ఆ యున్నవారిలోను చాలమంది మనవంటి పరదేశములనుండి పనికి వచ్చినవారే.

ఈ మండలమునకు తూర్పున అరబ్బీ సముద్రము. పడమట సౌదీ అరేబియా సరిహద్దు. దాని కావల 'రుబ్ అల్ ఖాలీ' యను మహా ఇసుకసముద్రము. ఎడారియన్న ఇసుకతిన్నె లని మనము సినిమాలలో చూచి నమ్మియున్నాము. వుస్తాలో ఎక్కువభాగము ఇసుక కాదు. అది సున్నపురాతిపై కంకర పరచినట్లుండు చదునైన మైదానము. దానికి 'జిద్దత్ అల్ హరాసీస్' అని పేరు. హరాసీసు అను తెగవారి సీమ యని అర్థము. గుట్ట లేదు, వాగు లేదు, గురుతుపెట్టుకొనుటకు రాయి లేదు. కారులో గంటలకొలది పోయినను కదలనట్లే యుండును. తూర్పున తీరమునకు దగ్గరగా 'హుక్ఫ్' అను తెగినగట్టు కలదు. అక్కడి శిలలు భూమిపై జంతుకోటి విస్తరింపకముందటి కాలమునకు చెందినవి గనుక భూగర్భశాస్త్రజ్ఞులకు ఆ గట్టు తీర్థక్షేత్రము వంటిది. ఆ చదునైన లేతరంగు నేలపై నల్లని రాయి యేది పడినను ఇట్టే కనబడును. ఆకాశమునుండి రాలిన ఉల్కాశకలములు అక్కడ విస్తారముగా దొరకినవి. చంద్రునినుండి ఎగిరిపడిన శిలలు కూడ వానిలో ఉన్నవి.

వాన సంగతి చెప్పుదము. మన జిల్లాలో ఏటా సుమారు 1000 మిల్లీమీటర్ల వాన కురియును. జిద్దత్ మైదానముపై సగటున 50 మిల్లీమీటర్లును ఉండదు. చుక్క పడని ఏండ్లును కలవు. సముద్రపు ఒడ్డుననే యుండియు ఇంత కరవేల? దీని కారణము మన వానతోనే ముడిపడియున్నది. జ్యేష్ఠ ఆషాఢములలో మనకు వాన తెచ్చు నైరృతి గాలి ఆఫ్రికా తీరమునుండి బయలుదేరి, మొదట ఈ వుస్తా, ధోఫారు తీరముల వెంబడి వీచును. అట్లు వీచుచు తీరమునందలి పైనీటిని నడిసముద్రమునకు నెట్టివేయును. ఆ ఖాళీలోనికి లోతులనుండి చల్లని నీరు పైకుబుకును. చల్లనినీటిపై గాలి బరువెక్కి క్రిందనే పరచుకొనును గాని మేఘమై పైకి లేవదు. అందువలన ఆ తీరమున పొగమంచు క్రమ్మును, జల్లు మాత్రము పడదు. ఆ గాలియే అరబ్బీ సముద్రము దాటుచు తేమను త్రాగి, సహ్యాద్రిని తాకి కురిసి, మిగిలినది దక్కను పీఠభూమిపై విడిచినపుడు మహారాష్ట్రములోని బాలాఘాట్ కొండలలో మంజీర పుట్టుచున్నది. ఒక్క గాలియే అక్కడివానికి పొగమంచును, మనకు నిజాంసాగరమును ఇచ్చుచున్నది.

ఆ పొగమంచును చులకనగా చూడరాదు. రాత్రివేళ సముద్రమునుండి లోనికి వచ్చిన తేమ తెల్లవారకముందు చెట్లపై దిగి నీరగును. మేకలును, జింకలును ఆకులపై తడిని నాకి దాహము తీర్చుకొనును. పల్లపు తావులలో తుమ్మజాతి చెట్లు బ్రతుకుచున్నవి. వానితోపాటు 'గాఫ్' అను చెట్టొకటి కలదు. ఆ గాఫ్ మరేదియో కాదు, దసరానాడు మనము పూజచేసి ఆకు పంచుకొను జమ్మిచెట్టే! తెలంగాణ రాష్ట్రవృక్షముగా ప్రకటింపబడినదియు అదియే. ఎడారిలో పనిచేయు మనవాడు జమ్మినీడన కూర్చుండి సద్ది తినుచున్నాడని విన్న తల్లికి కొంత ఊరట కలుగవచ్చును.

లోతునీరు పైకి వచ్చుటచేత సముద్రజీవులకు మేత పుష్కలము. తీరమంతయు చేపల పాలెములు. మహూత్ ప్రాంతమున రొయ్యలు, అల్ జాజిర్ తీరమున పెద్దరొయ్యలు ప్రసిద్ధము. మహూత్ దాపున 'బర్ర్ అల్ హిక్మాన్' అను బురదతీరమున శీతకాలమందు అయిదు లక్షలకు మించిన నీటిపక్షులు ఉత్తరధ్రువ ప్రాంతములనుండి వచ్చి విడియును. మనుష్యు లొల్లని చోటు పక్షులకు ప్రీతియైనది.

ఇటువంటి నేలను పరిపాలించుట ఎట్లు? మన వైపున ఊరు ముందు, సర్కారు తరువాత. చెరువు క్రింద ఊరు వెలసినది; ఊళ్లు కలసి తాలూకా అయినది; తాలూకాలు కలసి జిల్లా అయినది. 1876లో ఇందూరు జిల్లా ఏర్పడునాటికే ఊళ్లు శతాబ్దములుగా ఉన్నవి. వుస్తాలో ఈ క్రమము తలక్రిందు. ఊరు లేదు, సర్కారువారే వచ్చి ఊరును పుట్టింపవలసివచ్చినది.

హరాసీసు తెగవారు కొన్నివేలకు మించరు. వారి భాష హర్సూసీ. అది అరబ్బీకి చుట్టమే కాని అరబ్బీ కాదు. నేడు దానిని మాటలాడువారు వేయిమందిలోపేయని భాషావేత్తలు చెప్పుదురు. జిద్దత్ నడిబొడ్డున ఊటబావి లేనందున వారు ఒంటె పాలు, మేక పాలు త్రాగియే జీవించెడివారు. 1958లో చమురు వెదకుచు వచ్చిన కంపెనీవారు మైదానము నడుమ హైమా యనుచోట ఒక బావిని, తీరమువైపు అజాయిజ్ అనుచోట మరియొక బావిని త్రవ్విరి. అప్పటి సుల్తాను సయీద్ బిన్ తైమూరు ఆ బావులను తెగవారి వాడుకకు విడిచిపెట్టించెను. వారి చరిత్రలో మొదటిసారిగా మైదానము నడుమ నీరు నిలుకడగా దొరకినది. తరువాత 1970లో సుల్తాను ఖాబూసు గద్దెనెక్కినపిమ్మట సర్కారు ఆ బావిని వెదకుకొనుచు వచ్చినది. 1980 దశకములో హైమాలో పరిపాలన కచ్చేరీ, వైద్యశాల, పిల్లలు ఉండి చదువుకొనుటకు వసతిగల పాఠశాల ఏర్పడినవి. మస్కటునుండి సలాలాకు పోవు సుమారు వేయి కిలోమీటర్ల రహదారిలో ఇంచుమించు సగముదూరమున హైమా ఉన్నది. నేడది మండలపు ముఖ్యపట్టణము. బావి వచ్చినది, దారి వచ్చినది, రెండునుగలసిన చోట కచ్చేరీ వచ్చినది.

ఇప్పుడు ఆ కచ్చేరీల పేర్లు వినుడు. మన శ్రోతలలో పెద్దవారికి ఇవి క్రొత్త కావు. ఒమను దేశము 11 ముహాఫజలుగా విభజింపబడినది, వుస్తా అందొకటి. ముహాఫజ అనగా జిల్లా యనుకొనవచ్చును. దాని అధిపతి ముహాఫిజ్. 'హిఫాజత్' అని మన ఉర్దూవారు కాపాడుటకు చెప్పు మాట ఇదే ధాతువునుండి వచ్చినది. ముహాఫజ క్రిందిది విలాయతు, అనగా మన తాలూకా; దాని అధికారి వాలి. మన వైపున 'విలాయతి' యన్న పరదేశపు సరకని అర్థము. అక్కడ విలాయతన్న స్వంత తాలూకా. మాట ఒక్కటియే, చూచు గట్టు వేరు. విలాయతు క్రిందిది నియాబతు. దాని అధికారి నాయబు వాలి. నాయబు తహసీలుదారును ఎరిగిన మనకు నాయబును వివరింపనక్కరలేదు. ఇక పురపాలక సంఘమును అక్కడ 'బలదియా' యందురు. హైదరాబాదులో ఈనాటికిని చెత్తబండి రానప్పుడు జనులు తిట్టునది ఏ 'బల్దియా'నో అదియే! నిజాము రాజ్యములోని దఫ్తరు భాష పారసీ ఉర్దూల ద్వారా అరబ్బీనుండి తెచ్చుకొన్న మాటలలో సగము అక్కడ నేటికిని బల్లలపై నడుచుచున్నవి. అరబ్బీ రాని బోధను కుర్రవాడు కూడ ఈ నాలుగు మాటలు చెవినబెట్టుకొన్న దారితప్పడు.

డబ్బులోను ఇట్టి చుట్టరికమే ఉండెడిది. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫు ప్రాంతమునకై ప్రత్యేకముగా అచ్చువేసిన రూపాయి నోట్లు ఒమనులో 1970 వరకు చెల్లినవి. నేడు అక్కడినుండి రియాలు మనవైపు వచ్చుచున్నది. ఒకప్పుడు మన రూపాయియే అక్కడికి పోయెడిది.

వుస్తాలో విలాయతులు నాలుగు: హైమా, మహూత్, దుఖ్మ్, అల్ జాజిర్. హైమా ఒక్కటియే లోపలిది. కడమ మూడును సముద్రపు ఒడ్డువి. 2011 అక్టోబరు వరకు వుస్తాను కేవలము ఒక 'ప్రాంత'ముగా పేర్కొనెడివారు. ఆ యేటి సుల్తాను ఆజ్ఞతో అది ముహాఫజ యైనది. 2022లో వచ్చిన మరియొక శాసనము ముహాఫిజులకు ఖర్చులలోను, పనులలోను కొంత స్వతంత్రత ఇచ్చినది. ముహాఫిజును సుల్తాను నియమించును, ఎన్నిక లేదు. అయితే బలదియా సభలకు 2012నుండి ఎన్నికలు జరుగుచున్నవి. మస్కటులోని షూరా సభకు ప్రతి విలాయతునుండి ప్రతినిధి ఎన్నిక కావలయును. స్వదేశీ జనసంఖ్య ముప్పదివేలు మించిన విలాయతుకు ఇద్దరు, తక్కువదానికి ఒక్కరు. వుస్తాలోని నాలుగు విలాయతులును రెండవ తెగవే కనుక నలుగురు సభ్యులు.

వాలి పని మన తహసీలుదారు పనికంటె భిన్నము. ఇక్కడ పట్టా, పహాణీ, శిస్తు. అక్కడ మెట్టపట్టాలు కొలుచుటకు పొలము లేదు. వాలి ముఖ్యకార్యము తగవు తీర్చుట. మేతభూమి ఎవరిది, నీటివద్ద ఎవరి వంతు ముందు, ఒంటెను ఢీకొన్న బండివాడు ఎంత ఇచ్చుకొనవలయును—ఇటువంటివి తెగపెద్దలైన షేకులతో కూర్చుండి వాలి సర్దుబాటు చేయును. తెగని వ్యాజ్యము న్యాయస్థానమునకు పోవును. ఒంటెల మాట వచ్చినది కనుక చెప్పుచున్నాము: రాత్రివేళ ఆ రహదారులపై ఒంటెలు అడ్డువచ్చి జరుగు ప్రమాదములు అక్కడి పెద్ద బెడద. బండి నడుపు మనవారు చీకటిలో వేగము తగ్గించుట మేలు.

జనము పలుచనైనచోట సర్కారుకు ఖర్చెక్కువ, మెదలుట తక్కువ. పది యిండ్లకు వైద్యుని పంపుటకు వంద కిలోమీటర్ల దారి వేయవలయును. హైమాలో ఆసుపత్రి ఉన్నది గాని పెద్ద దెబ్బ తగిలినవానిని నిజ్వాకో మస్కటుకో తరలింపవలసి యుండును. హైదరాబాదునుండి తిరుపతి ఎంత దూరమో మస్కటునుండి హైమా ఇంచుమించు అంత దూరము. దారిపొడుగున ఊరన్నది అరుదు.

పటముపై గీతలు గీయుట అక్కడ సులభము. ఆ గీతలు నిలుచుట కష్టము. దీనికి ఒక ఉదాహరణము కలదు. జిద్దత్ మైదానమున 'ఒరిక్సు' అను తెల్లని కృష్ణజింక వంటి మృగము తిరుగుచుండెడిది. వేటగాండ్రు మోటారుబండ్లలో తరిమి చంపగా 1972లో ప్రకృతిలోని కడపటి ఒరిక్సులు ఈ మైదానముననే అంతరించినవి. అదృష్టవశమున కొన్నిటిని ముందే అమెరికాలోని జంతుశాలకు చేర్చి పెంచియుండిరి. 1982లో వాని సంతతిని తెచ్చి యాలూనీ యనుచోట మరల విడిచిరి. కావలివారుగా హరాసీసులనే నియమించిరి. మంద పెరిగి 1996 నాటికి 450 అయినది. 1994లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ ఆ వనమును ప్రపంచవారసత్వ జాబితాలో చేర్చినది. పిమ్మట దొంగవేట ప్రారంభమైనది. సజీవముగా పట్టి అమ్ముకొనువారు బయలుదేరిరి. 2007 నాటికి 65 మాత్రమే మిగిలినవి. అదే యేట ఒమను ప్రభుత్వము చమురు అన్వేషణ నిమిత్తము రక్షితభూమిని నూటికి తొంబదివంతులు తగ్గించినందున ఆ సంస్థ దానిని జాబితానుండి తీసివేసినది. జాబితానుండి ఒక స్థలమును తొలగించుట ప్రపంచములో అదియే మొదటిసారి. ఒంటరినేలను సంస్థానపు కాగితముపై కాపాడుట వేరు, నేలపై కాపాడుట వేరు. తరువాతికాలమున ఒమనువారు కంచెలలోపల మందను మరల పెంచిరి.

ఇక దుఖ్మ్. మనవా రెక్కువగా పోవుచున్నది ఇక్కడికే కనుక కొంచెము నిలిచి చెప్పవలెను. ఒకప్పుడది చేపలు పట్టువారి చిన్న పాలెము. హోర్ముజు జలసంధికి బయట, నడిసముద్రమునకు ఎదురుగా ఉన్నందున ఒమను ప్రభుత్వము అక్కడ రేవును, ఓడల మరమ్మతు కర్మశాలను నిర్మించినది. 2011లో చుట్టునున్న దాదాపు 2,000 చదరపు కిలోమీటర్లను ప్రత్యేక ఆర్థికమండలిగా ప్రకటించినది. మన ఇప్పటి నిజామాబాదు జిల్లాలో సగమునకు కొంచెము తక్కువ. 2018లో మన నౌకాదళపు ఓడలు ఆ రేవును వాడుకొనుటకు ఒడంబడిక కుదిరినది. కువైటుతో కలసి కట్టిన చమురుశుద్ధి కర్మాగారమును 2024 ఫిబ్రవరిలో లాంఛనముగా ప్రారంభించిరి. దాని శక్తి దినమునకు 2,30,000 పీపాలు. ఈ నిర్మాణములన్నిటికి వేలకొలది కూలీలు కావలసివచ్చి, ఇసుకనడుమ శిబిరపట్టణములు లేచినవి.

ఇక్కడ ఒక చిక్కు గమనింపవలెను. దుఖ్మ్ విలాయతుకు వాలి ఉన్నాడు. ఆర్థికమండలికి ప్రత్యేకాధికార సంస్థ వేరుగా ఉన్నది. 2020లో దానిని దేశములోని మండలులన్నిటిని చూచు ఒకే సంస్థలో కలిపిరి. కట్టడములకు, వ్యాపారములకు అనుమతులిచ్చుట ఆ సంస్థ పని. శాంతిభద్రతలు పోలీసువారి పని. కూలిజీతముల తగవు శ్రామికమంత్రిత్వశాఖ పని. ఒకే నేలపై మూడు పెత్తనములు. ఇంటివద్దనుండి ఒకరిని అడిగినచో వేరొకరిని చూపుట సహజము. కనుక "దుఖ్మ్‌లో ఉన్నాడు" అనుటతో చాలదు. మండలిలోపలనా, వెలుపలనా, ఏ కంపెనీ శిబిరమున అనునది కూడ తెలిసియుండవలెను.

మన ఇండ్లవారికి కావలసిన విషయము ఇప్పుడు చెప్పుదుము. కుమారుడు విమానమెక్కకముందే ఒడంబడిక పత్రపు నకలును, పాసుపోర్టు నకలును ఇంటిలో ఉంచుకొనవలెను. అక్కడ చేరినపిమ్మట నివాసకార్డుపై ఉండు సంఖ్యను అడిగి వ్రాసికొనవలెను. కంపెనీ పేరుతోపాటు విలాయతు పేరును వ్రాసికొనవలెను. పని స్థలము మారినప్పుడెల్ల క్రొత్తపేరు అడిగి దిద్దుకొనవలెను. దేశములోపల మస్కటునుండి వుస్తాకు మార్చుట అక్కడ తరచుగా జరుగునది. సందర్శకుల వీసాపై పంపి పని ఇప్పింతుమను దళారుల మాట వినరాదు. అట్లు పోయినవాడు మన ప్రభుత్వపు వలస నమోదులో ఉండడు. పదిలక్షల రూపాయల ప్రవాసీ బీమాయును అతనికి వర్తింపదు. నమోదుకు సంబంధించిన సందేహములు తీర్చుటకు హైదరాబాదులో వలసదారుల సంరక్షకాధికారి కార్యాలయ మున్నది.

అక్కడ జీతము ఆపినచో మొదట శ్రామికశాఖ కచ్చేరీలో ఫిర్యాదు చేయవలెను. రాజీ కుదరనిచో వ్యాజ్యము న్యాయస్థానమునకు పోవును. 2023నాటి ఒమను శ్రామికశాసనము ప్రకారము పనివాని వ్రాతపూర్వకమైన అంగీకారము లేక యజమాని పాసుపోర్టును తనవద్ద పెట్టుకొనరాదు. జూను, జూలై, ఆగస్టు మాసములలో మధ్యాహ్నము 12-30 మొదలు 3-30 వరకు ఎండలో పని చేయించుట నిషిద్ధము. మన రాయబార కార్యాలయము మస్కటులో ఉన్నది. ఇంటివద్దనుండి ఫిర్యాదు పంపదలచినవారికి విదేశాంగశాఖ 2015లో ప్రారంభించిన 'మదద్' అను ఏర్పాటున్నది. ప్రాణము పోయినచో—ఈ మాట వ్రాయుటకు చేయి రాదు గాని వ్రాయక తప్పదు—ఆ చోటి పోలీసు పత్రము, ఆసుపత్రి పత్రము, రాయబారుల అనుమతి, మూడును చేకూరినగాని శవపేటిక విమాన మెక్కదు. మొదటి రెండును వుస్తాలో పుట్టవలసిన కాగితములు, మూడవది మస్కటుది. నడుమ అయిదువందల కిలోమీటర్లు. విలాయతు పేరు ముందే తెలిసిన కుటుంబమునకు ఇందులో దినములు కలసివచ్చును. గల్ఫులో మరణించినవారి కుటుంబమునకు అయిదులక్షల రూపాయలు ఇచ్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2024లో ఉత్తరువు చేసినది.

అక్కడి సర్కారు కచ్చేరీలు ఉదయముననే తెరచుదురు. వారికి సెలవులు శుక్ర శనివారములు. మన గడియారము వారికంటె గంటన్నర ముందు. ఆదివారమునాడు మన తపాలాకచ్చేరి మూతపడియున్నను అక్కడివారు పనిలో ఉందురు.

ఆ తల్లి తెచ్చిన కాగితము వెనుకవైపున మేము తెలుగులో పెద్దయక్షరములతో ఇట్లు వ్రాసియిచ్చితిమి: 'దేశము ఒమను. ముహాఫజ వుస్తా. విలాయతు అల్ జాజిర్. సముద్రపు ఒడ్డు. మస్కటు కాదు, అల్జీరియా కాదు.' నాలుగుదినముల పిమ్మట ఆమె పొరుగింటి ఫోనునుండి పలికినది. కుర్రవాడు మాటలాడినాడట. చేపలు నిలువచేయు చలువగిడ్డంగి కట్టుచున్నారట. శిబిరమునుండి సెల్లుఫోను పనిచేయు చోటికి బండి దొరికినప్పుడే రావలయునట. "వానలు పడ్డయా, నిజాంసాగర్ల నీళ్లొచ్చినయా అని అడిగిండు సారూ. అక్కడ పొద్దుగాల అంత పొగమంచే నట, ఒక్క చినుకు లేదట" అని ఆమె చెప్పినది.